జయరామయ్య చెవి

జీపు మెకానిక్కు జయరామయ్య కాలు విరిగి, పుత్తూరులో కట్టు కట్టించుకుని, పది రోజులుగా మంచానికి అంటుకుపోయి ఉన్నాడు. పక్క మంచంలో, చెయ్యి విరిగిన నగరి మగ్గాల ఢిల్లీబాబు. సాయంత్రం ఆరు కావస్తుండగా, బంగారుపాళ్యం అవతల అడివంచున ఉన్న మామిడితోట నుంచి జయరామయ్య కూతురు మోనిక ఫోను చేసింది. ఆ తర్వాత ఆయన చెవిన పడిందీ, ఆయన నోట వచ్చిందీ ఇంతే.

"ఆపొద్దు పాపా, ఆపొద్దు! ఆపినావంటే మళ్ళా స్టార్టు కాదు. బ్యాటరీ చచ్చి నెలయినాది."

"ఆపలా నాయనా. ఆడతానే ఉండాది. కానీ ఎప్పుడాగిపోతాదో తెలీడంలా. అదురుతా ఉండాది, బండంతా ఊగిపోతా ఉండాది."

"తోటకాడ ఎట్ల స్టార్టు చేసినావు?"

"కాయలు కోసేవాళ్ళు ముగ్గురు తోసినారు. తోసేసి, వాళ్ళు ట్రాక్టరెక్కి పోయినారు."

"ఇప్పుడు యాడుండావు?"

"ఇసకవంకలో. తోట దాటినాక రోడ్డెక్కే ముందు దిగి ఎక్కాల గదా, ఆ వంకలో. దిగేదానికి దిగినాది. గట్టెక్కమంటే ఎక్కలా. యాక్సిలేటర్ తొక్కితే భుక్కు భుక్కుమని ఆగిపోయేదానికి వస్తా ఉండాది. కాలు తీస్తే కొంచెం తేరుకుంటాది."

"నీతో ఎవరుండారు?"

"అవ్వ."

"ఇంకా?"

"ఇంకెవురూ లేరు."

"సరే, దానికి ఇంత వణుకెందుకు పాపా? బండిని ఆడే ఇడిసిపెట్టి, మీ అవ్వను చెయ్యి పట్టుకుని నడిపించుకుంటా రోడ్డుకాడికి..."

"నాయనా, మెల్లగా మాట్లాడు. ఎదురుగా గట్టు మీద ఏనుగుండాది."

"ఒగటా, మందా?"

"ఒగటే. పెద్దది. కొమ్ములుండాయి దానికి."

"అమ్మే! దానికీ దీనికీ అనాకు. స్వామి అను."

"అవ్వా, నువ్వు గమ్మునుండు."

"ఎంత దూరంలో ఉండాది పాపా?"

"మనింటికీ బోరింగుకీ ఎంత దూరమో అంత. గట్టు మీద రెండో వరస చెట్లకాడ. కొమ్మలు విరిచి తింటా ఉండాది."

"మిమ్మల్ని చూసినాదా?"

"చూడకుండా ఎట్లుంటాది? ఇంజను ఇంత మోత చేస్తాంటే. ఒకసారి ఇట్ల తిరిగి చూసినాది, మళ్ళా తినేదానికి పెట్టుకునె."

"అన్నా, ఏమన్నా అది? మొగమంతా అట్లయిపోయె."

"ఢిల్లీబాబూ, నీ ఫోను తీ. నూటపన్నెండుకు కొట్టు. బంగారుపాళ్యం దాటినాక మామిడితోటల ఎనకాల ఇసకవంకలో జీపు నిలిచిపోయినాదని చెప్పు. ఇద్దరు ఆడోళ్ళుండారు, ముందర ఒంటరి ఏనుగుండాది, ఫారెస్టోళ్ళకు చెప్పమను. బిన్నా కొట్టప్పా!"

"కొడతా ఉండా అన్నా, కొడతా ఉండా. చెయ్యొగటే గదా..."

"పాపా, ఈ టైములో నువ్వు ఆడికి యాల పోయినావు?"

"మద్యానం ఫారెస్టోళ్ళు మైకులో చెప్పుకుంటా పోయినారు, తోటల్లో ఎవురూ ఉండొద్దని. అవ్వ గుడిసెలో ఒక్కతే ఉండాదని పోయినా. నాలుగుకే పోయినా నాయనా. బిన్నా రా అవ్వా అంటే, గంపలకెత్తేదాకా కదల్లా."

"ఏడాదంతా కాపలా కాసిన కాయలు, అట్లే పారబోసి రావాల్నా?"

"ఇప్పుడు కాయలు బాగుండాయి, మనమే బాగలేము."

"పాపా, రివర్సు వేసి ఎనక్కి తీసేదానికి కాదా?"

"వెనకంతా మెత్తని ఇసక. చక్రాలు దిగబడతా ఉండాయి. అయినా ఇంజనుకు లాగే సత్తువ ఉంటే గదా."

"సరే. దిగి పరిగెత్తేది మాత్రం వద్దు. మీ అవ్వకు మోకాళ్ళు లేవు. ఇసకలో నీకూ కాళ్ళాడవు. బండిలో ఉన్నంతసేపూ అది బండిని చూస్తాది, మనిషిని చూడదు."

"ఇంజను ఆగిపోతే?"

"ఆగనీకూడదు. ఈడ్నుంచే బాగు చేస్తాం. స్పీకరేసి ఫోను ఇంజను కాడ పెట్టు, నేనూ ఈడ స్పీకరేసి వింటా."

"ఫోన్లో విని ఏం చెప్తావు నాయనా?"

"కుప్పం నుంచి ఒగడు ఫోన్లో వినిపిస్తే, ఈ మంచం మీద పండుకునే గేరుబాక్సులో పన్ను ఇరిగిందని చెప్పినా. ఇప్పి చూస్తే అదే. ఢిల్లీబాబునడుగు."

"నిజమేమ్మా. నేనూ ఈడే ఉండా. ...హలో? హలో, పోలీసా?"

"పది దినాలుగా చెప్తా ఉండా నాయనా నీకు. మిస్సింగ్ కొడతా ఉండాది, చిత్తూరులో చూపిస్తానంటే వద్దంటివి."

"నా బండి మింద ఇంకొకడి చెయ్యి పడకూడదని..."

"చూడు, ఇప్పుడేమయినాదో."

"తిట్టు పాపా. ఇంటికి పోయినాక ఎంతసేపైనా తిట్టు. పడతా. ఇప్పుడు దిగి బానెట్ ఎత్తు."

"బానెట్ ఎత్తితే ముందరేమీ అగపడదు!"

"తెలుసు. మీ అవ్వను చూడమను. అమ్మా, వినపడతా ఉండాదా? నువ్వు పక్కకు తల పెట్టి, స్వామి మింద కన్నేసి ఉండు. కదిలితే పాపకు చెప్పు."

"సూస్తాలేరా. దూరమైతే నాకు బాగా అగపడతాది. దగ్గరే మసక."

"దూరమే చూడమ్మా నువ్వు."

"పోయినేడు గుడిసెకాడికొచ్చినప్పుడూ నాకు అగపడలా. గోడకవతల నిలబడుకోనుండాడు. కడుపులోనించి గుర్రుమంటాడు సూడు, మంచం కోళ్ళు అదిరినాయి. అప్పుడు తెలిసె, స్వామి ఈడే ఉండాడని. తెల్లారిందాకా..."

"అమ్మా! ఆ కథ ఇప్పుడెందుకు? పాపా, దిగినావా?"

"దిగినా. బానెట్ ఎత్తినా. ఫోను మడ్‌గార్డు మీద పెడతా ఉండా. వినపడతా ఉండాదా?"

"ఉండు... ఆ. వినపడతా ఉండాది."

"నాయనా?"

"గమ్మునుండు. వింటా ఉండా. ...మూడు కొట్టి నాలుగోది తప్పతా ఉండాది. లేదు... ఇప్పుడు రెండోది తప్పినాది. మళ్ళా రెండు కలిపి తప్పినాయి."

"అట్లంటే ఏంది?"

"వరసగా ఒగటే తప్పితే డీజిలు చిమ్మే నాజిలు పోయినాదని. ఇష్టమొచ్చినట్ల తప్పితే డీజిలు సరిగ్గా అందడంలేదని. ఏదో ఒగటి ఖాయం చేసుకోవాల. సీటు కింద పదిహేడో నంబరు స్పానరుండాది. తీసుకో."

"అవ్వా, కాళ్ళు పక్కకు పెట్టు. ...ఇదేంది? ఈ గోనెసంచిలో ఏముండాది?"

"ఏమీ లేదు. నా పాత గుడ్డలు."

"గుడ్డలు ఇంత బరువా? అవ్వా... పనసపండు!"

"వాడికిష్టమనే. కాలిరిగి పండుకోనుండాడు గదా, పుత్తూరుకు పంపిస్తామని..."

"అమ్మా! ఏనుగు ముందర పనసపండు పెట్టుకోని కూర్చున్నావా? దాని ముక్కుకు అడివి అవతలికి కూడా వాసన పోతాది!"

"బాగా మాగలేదులేరా ఇంకా."

"నాయనా, వెనక్కి దొర్లించేద్దునా దీన్ని?"

"వద్దు. ఎనక పడేస్తే, దానికోసం మీ పక్కనుంచే పోతాది. సంచి మూతి బిగించి, పైన మీ అవ్వ దుప్పటి కప్పు. స్పానరు దొరికినాదా?"

"దొరికినాది."

"చూడు, ఇంజను మింద నాలుగు సన్న ఇనప పైపులుంటాయి. ఒక్కో పైపు నట్టు అర చుట్టు వదులు చెయ్యల్ల. మొగం పక్కకు పెట్టుకో, డీజిలు చిమ్ముతాది. వదులు చేస్తానే ఇంజను శబ్దం మారితే, ఆ నాజిలు మంచిదే. మారకపోతే అదే దొంగ."

"అవ్వా, యాడుండాడు?"

"అదే చెట్టుకాడ."

"ఒకటోది వదులు చేస్తా ఉండా నాయనా."

"...మారినాది. మంచిదే అది. బిగించు."

"బిగించినా. రెండోది."

"మారినాది. బిగించు."

"అమ్మే, స్వామి చెట్టు మారినాడు. ముందర వరసకొచ్చినాడు."

"నాయనా, దగ్గరికొస్తా ఉండాది..."

"ముందర వరసే గదా, ఇంకా గట్టు మీదనే గదా. మూడోది చెయ్యి."

"మూడోది రావడంలా. గట్టిగా ఉండాది."

"స్పానరు పిడి మింద అరచేత్తో ఒగటి కొట్టు. మెల్లగా... ఏమది? ఏం పడినాది?"

"స్పానరు. జారిపోయినాది. కింద రాయి మీద..."

"కదలొద్దు! వంగొద్దు! అమ్మా, ఏం చేస్తా ఉండాడు?"

"ఇటే సూస్తా ఉండాడు. చెవులు ఇప్పినాడు. తొండం పైకెత్తినాడు."

"పాపా, ఊపిరి కూడా మెల్లగా తీసుకో. తల్లీ, అట్లే నిలబడు. మా బంగారు గదా. నిలబడు."

"..."

"అమ్మా?"

"సూస్తానే ఉండాడు... చెవులు ఆడిస్తా ఉండాడు... ఆ. తొండం దించినాడు. మళ్ళా తింటా ఉండాడు."

"పాపా, ఇప్పుడు స్పానరు తీసుకో."

"తీసుకున్నా. నాయనా, నాకు ఏడుపొస్తా ఉండాది."

"ఏడ్చుకుంటా చెయ్యి. ఎవురూ చూడ్డంలా."

"అన్నా! అన్నా, ఫారెస్టోళ్ళు కలిసినారు. రాజారత్నమంట, ఏనుగుల ట్రాకరు. మంద పలమనేరు దిక్కు పోతే దాని ఎనకాల పోయినారంట. ఈడికొచ్చేదానికి ముప్పావుగంట పడతాదంట."

"ముప్పావుగంటా!"

"లైట్లు వెయ్యొద్దన్నాడు. హారను కొట్టొద్దన్నాడు. ముఖ్యంగా బండి దిగొద్దన్నాడు. దిగితే తన పూచీ లేదన్నాడు."

"నాయనా, నేను దిగే ఉండా."

"విన్నా పాపా."

"ఏం చెయ్యల్ల చెప్పు. ఎక్కి కూర్చోవాల్నా, ఇది చూడాల్నా? నువ్వెట్లంటే అట్ల చేస్తా."

"ముప్పావుగంట ఆ ఇంజను ఆడదు. నా చెవికి తెలస్తా ఉండాది, పది నిమిషాలు ఆడితే గొప్ప. చీకటి పడినాక ఆగిపోయినాదంటే, మీకు బండీ ఉండదు, ఏమీ ఉండదు. మిగతా రెండూ చూడు. చూసి ఎక్కేద్దువు."

"ఖాయంగా చెప్తా ఉండావా?"

"ఖాయంగా చెప్పేదానికి నేనాడ లేను గదమ్మా! కాలు కదలదు, చెయ్యి అందదు. నాకూ భయంగానే ఉండాది. చెవి ఒగటే ఉండాది నా కాడ. దాన్నే నమ్ముకోనుండా. నువ్వూ నమ్ము."

"సరే. మూడోది... వచ్చినాది."

"మారినాది. బిగించు."

"నాలుగోది."

"...ఇదీ మారినాది. నాలుగూ మంచివే. నాజిళ్ళ తప్పు కాదు, డీజిలు అందడంలా. పైపు యాడన్నా ఎయిరు తీసుకుంటా ఉండాది, లేదంటే యాడన్నా మడత పడుండాది. ట్యాంకు నుంచి ఫిల్టరుకొచ్చే నల్ల రబ్బరు పైపు తెలుసు గదా? దాన్ని చేత్తో తడుముకుంటా రా. కింద నుంచి పైకి."

"తడమతా ఉండా. ఈడ బాగానే ఉండాది... ఈడా బాగానే... నాయనా, ఈడ తడిగా ఉండాది. చెయ్యంతా డీజిలు. ఆగు, ఈడేందో కట్టుండాది."

"ఏం కట్టుండాది?"

"దారం. పసుపుదారం. పైపు చుట్టూ చుట్టి చుట్టి, మద్యలో పసుపుకొమ్ము పెట్టి కట్టుండారు. కుంకం కూడా ఉండాది."

"నా ఇంజన్లో కుంకమా! ఎవురు కట్టినారు?"

"అవ్వా..."

"నన్నెందుకు సూస్తావే? స్వామిని సూడమంటిరి, సూస్తా ఉండా."

"అమ్మా. నువ్వేనా?"

"నేనే కట్టినా. అయితే ఏమిరా? ఆ బండి నా కొడుకు కాలు ఇరిచె. బంపరెక్కి తల లోపల పెట్టుకోనుంటే కింద పడేసె. దానికేదో పట్టినాదని, మంత్రించిన దారం తెచ్చి తొమ్మిది చుట్లు చుట్టినా. నిన్ను పుత్తూరుకు తీసకపోయిన సాయంత్రమే కట్టినా."

"పైపుకు కట్టేదేందమ్మా! కట్టల్లంటే అద్దం కాడ కట్టకూడదా, స్టీరింగుకు కట్టకూడదా?"

"బయట కడితే నువ్వు తెంపి పారేస్తావు. పోయినసారి నిమ్మకాయలు నువ్వు తెంపేసింది నాకు తెలీదా? అందుకే లోపల కట్టినా."

"గొంతు పిసికినట్ల పిసికినావు గదమ్మా పైపును! డీజిలెట్ల పోతాది?"

"ఊరికే పిసకలేదురా. నేను కట్టేటప్పుడే ఆడ తడిగా ఉండాది. బండి కన్నీళ్ళు పెట్టుకున్నట్ల చుక్క చుక్క కారతా ఉండాది. అందుకే ఆడ సూసుకోని, ఇంకా గట్టిగా చుట్టినా."

"కన్నీళ్ళంట! విన్నావా పాపా? కొయ్యి ఆ దారాన్ని."

"నాయనా, ఒక్క నిమిషం. అవ్వ చెప్పేది చూస్తే, దారం కట్టకముందే ఆడ కారతా ఉండాదంట. అంటే పైపు ముందే చిట్లుండాల గదా?"

"చిట్లేదానికి ఏమయినాది? నేనేసిన పైపది. రెండేండ్లు కాలేదు."

"నువ్వు జారి పడేటప్పుడు చేతికందింది పట్టుకున్నానంటివి. పైపునేమన్నా..."

"బానెట్ రాడ్డు పట్టుకున్నా. పైపు కాదు. ఏది పట్టుకున్నానో నాకు తెలీదా?"

"ఆ రోజు నీకు తెలివుంటే గదా నాయనా. నొప్పికి అరస్తా ఉంటివి."

"మిస్సింగ్ ఎప్పట్నుంచి కొడతా ఉండాది? నువ్వే చెప్పు."

"నువ్వు పుత్తూరుకు పోయిన మర్నాటి నుంచి."

"మీ అవ్వ దారం ఎప్పుడు కట్టె?"

"అంతకుముందు సాయంత్రం."

"ఇంకేం కావాల? పాతికేండ్లుగా ఇంజన్లు ఇప్పతా ఉండానే, దారం ముక్క కాడ నాకు పాఠం చెప్తావా?"

"కొయ్యొద్దు అమ్మే! నా మాటిను. ఆ దారమే స్వామిని గట్టు మీద నిలబెట్టుండాది. కోస్తే దిగొస్తాడు."

"అమ్మా, నువ్వు స్వామిని చూడు. అంతే నీ పని. యాడుండాడు?"

"...అగపడలా."

"అవ్వా! అగపడకపోయేదేంది?"

"ఇప్పుడే ఉన్నాడు అమ్మే. నీతో మాట్లాడతా ఇట్ల తిరిగినా. గట్టు మీద లేడు. చెట్లకాడ లేడు. దూరం దాకా సూస్తా ఉండా, యాడా లేడు."

"కొమ్మల చప్పుడన్నా వినపడతా ఉండాదా?"

"లేదు. ఏ చప్పుడూ లేదు."

"పోయినాడు పాపా. మేత అయిపోయినట్లుండాది, తోటలోపలికి పోయుంటాడు. దేవుడు దారిచ్చినాడు. ఇదే అదను. మీ అవ్వ కొడవలి ఉంటాది గదా, దాంతో దారం కోసెయ్యి. పైపుకు తగలనీయొద్దు. కోసి, బానెట్ దించి, ఎక్కి, రెండో గేరులో ఒగే ఊపులో గట్టెక్కించేసెయ్యి."

"నాయనా, నాకెందుకో చెయ్యి రావడంలా."

"అన్నా, ఆ పాప చెప్పేది కూడా ఒకసారి..."

"నువ్వు మగ్గం సంగతి చెప్పు ఢిల్లీబాబూ, వింటా. ఇంజను సంగతి నాకొదిలెయ్యి. పాపా, పొద్దు పోతా ఉండాది. నన్ను నమ్ముతావా లేదా?"

"నమ్మతా నాయనా."

"కొయ్యి."

"అవ్వా, కొడవలి ఇయ్యి."

"నేనియ్యను."

"ఇయ్యవ్వా. నాయన చెప్తా ఉండాడు గదా. ఇయ్యి."

"నీ చేతులారా నువ్వు కోస్తా ఉండావు అమ్మే. నేను వద్దన్నా. గుర్తు పెట్టుకో."

"కోస్తా ఉండా నాయనా. బాగా బిగిసిపోయుండాది... మూడు చుట్లు తెగినాయి... ఆరు... తెగిపోయినాది. మొత్తం వచ్చేసినాది."

"ఆ. ఇప్పుడు నన్ను విననీ. నువ్వేమీ మాట్లాడొద్దు."

"భుక్కు భుక్కుమంటా ఉండాది నాయ..."

"అనాల. లోపలుండే ఎయిరంతా పోయేటప్పుడు అట్లే అంటాది. భయపడొద్దు. ఒగ నిమిషంలో తేరుకుంటాది."

"..."

"తేరుకుంటాది. చూడు నువ్వు."

"అన్నా, ఫోను కట్టయిపోయినట్లుండాదే. ఏమీ వినపడలా."

"కట్టు కాలేదప్పా. గాలి వినపడతా ఉండాది గదా. ఉండు."

"..."

"పాపా? ఉండావా?"

"..."

"ఆ! వచ్చె! విన్నావా ఢిల్లీబాబూ? ఈడికి రా, చెవి పెట్టు. తేరుకునె! నేను చెప్పలా?"

"శానా మెల్లగా ఉండాదే అన్నా."

"మెల్లగానే ఉండాల. అదీ ఐడ్లింగ్ అంటే. ఒక్క మిస్సింగ్ ఉండాదేమో చూడు. పూసంత తప్పడంలా. ఎంత నిండుగా, ఎంత లోతుగా... ఈ బండిని నేను తెచ్చుకున్న దినం ఇట్లే ఆడతా ఉండె. పాపా, విన్నావా? నీ చేతి పనే అది! మీ నాయన చెవి తప్పు చెప్పదు."

"స్వామీ... తండ్రీ... స్వామీ..."

"ఎవరన్నా అది?"

"మా యమ్మ. మొక్కుకుంటా ఉండాది. మొక్కుకో అమ్మా, ఇప్పుడు మొక్కుకో. నీ దారానికి కాదు, నీ మనవరాలికి మొక్కు. పాపా, చాలు, బానెట్ దించి ఎక్కు."

"..."

"పాపా, ఎక్కినావా? తలుపు చప్పుడు వినపడలా నాకు."

"నాయనా. మెల్లగా."

"యాల మెల్లగా? స్వామి పోయినాడు, బండి బాగయినాది, ఇంకా దేనికే భయం? ఒకసారి మడ్‌గార్డు మింద చెయ్యి పెట్టి చూడు. అదురు తగ్గినాదా లేదా?"

"అదురుతా ఉండాది."

"బండా?"

"నేల."

"నేలేంది పాపా? ఇంజను అంత బాగా ఆడతాంటే నేల యాల అదురుతాది? నాకు వినపడతానే ఉండాది గదా, గుర్రుమని, ఎంత సమంగా..."

"నాయనా, దారం కోస్తానే ఇంజను ఆగిపోయినాది."